శకునం నీళ్ళు

మిరపకాయల కాలంలో మా ఊళ్ళో తుమ్ముకు శకునం లేదు. సంక్రాంతి దాటింది మొదలు ఉగాది వెళ్ళేదాకా ఏ కల్లంలో చూసినా ఎర్రగా పరిచిన కాయలే, గాలి ఎటు తిరిగితే అటు ఘాటే. బయల్దేరేవాడూ తుమ్ముతాడు, ఎదురొచ్చేవాడూ తుమ్ముతాడు, గడపలో నిలబడి సాగనంపేవాళ్ళూ తుమ్ముతారు. ప్రతి తుమ్ముకీ వెనక్కి వచ్చి కూర్చుంటే ఇక కాయలు అమ్మేదెప్పుడు? అందుకని ఏ కాలంలోనో పెద్దలంతా కూడబలుక్కుని తుమ్ముకు మాఫీ ఇచ్చేశారు. ఇచ్చినట్టు ఎవరూ ఎక్కడా చెప్పలేదు గానీ అందరూ పాటిస్తారు.

మాఫీ లేనిది కుక్క ఏడుపుకే. అదే నా ఉద్యోగం మీదికి తెచ్చింది.

నేను పాలెం బళ్ళో ఒకటో తరగతి పంతులమ్మని. పేరు ప్రేమమ్మ. మా ఆయన మరియదాసు సాగర్ కాలవ పనుల్లో మేస్త్రీ, నెలకోసారి ఇంటికొచ్చి, బట్టలు ఉతికించుకుని, పచ్చడి జాడీ పట్టుకుని వెళ్ళిపోయేవాడు. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది నేనూ, మా అత్తగారు ఎలీసమ్మా, పత్తిగాడూ. మా పల్లెలో నెల జీతం తెచ్చిన మొదటి ఆడమనిషిని నేనే. ఆ సంగతి నేను ఎవరితోనూ చెప్పుకోను, చెప్పుకోనక్కర్లేకుండా అందరికీ తెలిసేలా నడుస్తాను. మా నాన్న పొలం పనులు చేసి నన్ను ట్రెయినింగు దాకా చదివించాడు. ఆ ఉద్యోగం పోతే నేను మళ్ళీ మేస్త్రీ గారి భార్యని, అంతే.

పత్తిగాడు కుక్క. అంతకు ముందు ఏడు పత్తి తీతల్లో ఎవరిదో గంపలో పత్తి కదిలింది. చెయ్యి పెట్టి చూస్తే తెల్లటి కూన, కళ్ళు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. తల్లి జాడ లేదు. నేనే ఇంటికి తెచ్చి, దూదివత్తి పాలల్లో ముంచి నోట్లో పెట్టి బతికించాను. అప్పటినుంచి వాడు నన్ను తల్లి అనుకున్నాడు. కాదని నేనూ చెప్పలేదు.

పొద్దున వంట చేసుకుని, జడ వేసుకుని, క్యారియరు సర్దుకునేదాకా వాడు బంగారమే. గోడకు తగిలించిన నల్ల గొడుగు మీద నా చెయ్యి పడిందంటే చాలు, చెవులు వెనక్కి పడిపోయేవి. ఒళ్ళంతా వణుకు, నోట్లోంచి చొంగ. నేను దడి తలుపు దగ్గరికి చేరేసరికి మెడ పైకెత్తి మొదలెట్టేవాడు. మామూలు మొరుగుడు కాదది. మనిషి పోయిన ఇంట్లో ఎత్తుకునే రాగం.

వెంటనే వెనకనుంచి మా అత్తయ్య గొంతు.

"ఆగమ్మాయ్. ఇంకో అడుగు వెయ్యమాక. లోపలికి రా."

"బస్సు వచ్చేస్తుంది అత్తయ్యా."

"వస్తే వచ్చిద్ది. ఆ ఏడుపు వింటా ఎట్టా పోతావ్? కూకో. కాసిని మంచినీళ్ళు తాగి పో."

"మనం శకునాలు నమ్మం కదా."

"ఎవరు నమ్మమన్నారు? మనకి ప్రభువున్నాడు. మంచినీళ్ళు తాగితే పాపమని ఏ వాక్యంలో ఉందో చెప్పు."

ఏ వాక్యంలోనూ లేదు. నేను వెనక్కి వచ్చి పీట మీద కూర్చునేదాన్ని. ఆవిడ కుండలోంచి ముంచిన ఇత్తడి గ్లాసు నా చేతికిచ్చి, ఎదురుగా చతికిలబడి, రాత్రి వచ్చిన కల ఒకటి చెప్పేది. పత్తిగాడైతే లోకాన్ని జయించినట్టు గంతులేసి, నా ఒళ్ళో తల పెట్టి, తోకతో నేలంతా ఊడ్చేవాడు. నేను వాడి తల నిమిరి, లేచి, గొడుగు అందుకుంటే మళ్ళీ అదే రాగం, మళ్ళీ అదే గ్లాసు.

ఈలోగా రోడ్డు మీద గుంటూరు బస్సు హారను మోగేది. కండక్టరు గౌస్ బాషా మంచివాడే, కాసేపు ఆపేవాడు. కానీ అతని నోరు ఊరుకోదు. "పంతులమ్మగారూ, శకునం నీళ్ళు ఎన్ని గ్లాసులయినయ్యండీ? ఇంకా కుండ అడుగంటలేదా?" అని బస్సులోంచి కేకేసేవాడు. కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చి నవ్వేవి. డ్రైవరుకు ఓపిక చచ్చాక బస్సు కదిలిపోయేది. పాలెం మూడు మైళ్ళు. నల్లరేగడి దారి, పొద్దుటి ఎండ, కడుపులో నీళ్ళు కుదిపిన కుండలా అటూ ఇటూ ఊగుతుంటే నేను చెమటలు కక్కుకుంటూ బడికి చేరేసరికి గంట కొట్టి చాలాసేపయ్యేది.

ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. ఏడవనీ, ఎంతసేపు ఏడుస్తాడో చూద్దామని పత్తిగాణ్ణి గుంజకు పగ్గంతో కట్టేసి, చెవులు మూసుకుని పోయి బస్సెక్కాను. నా తెలివికి నేనే మురిసిపోతూ కిటికీ పక్కన కూర్చున్నాను. కల్వర్టు దగ్గర ఎద్దుబండి అడ్డమొచ్చి బస్సు ఆగింది. వెనక్కి చూస్తే వెంకయ్య గారి కల్లంలోంచి ఎర్రటి దుమ్ము మేఘంలా లేస్తోంది. అందులోంచి కొరికిన పగ్గం మెడకు వేలాడేసుకుని ఎర్రటి కుక్క ఒకటి దూసుకొస్తోంది. ఎవరి కుక్కబ్బా అనుకునేలోపు అది మెట్లెక్కి, సీట్ల కింద దూరి, నా కాళ్ళ దగ్గర ఒళ్ళు విదిలించింది.

ఇక బస్సు బస్సంతా తుమ్ములే. డ్రైవరు స్టీరింగు వదిలేసి తుమ్మాడు. పత్తిగాడు కూడా ముక్కు నేలకేసి కొట్టుకుంటూ తుమ్మాడు. అందరూ తిట్టింది నన్నే. వెనక్కి ఇంటికి పోయి మంచినీళ్ళు తాగొస్తానని మాత్రం ఒక్కరూ అనలేదు, తుమ్ముకు మాఫీ కదా.

గౌస్ బాషా కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. "ఇట్టా లాభం లేదమ్మా. గుంటూరులో మా బావ జిన్నింగు మిల్లులో కాపలా ఉంటాడు. మంచి కుక్కుంటే చూడమన్నాడు. మీరు ఊఁ అంటే నేనే తీసుకుపోతా. తిండికి లోటుండదు." హాస్యానికి అనలేదు, నా మీద జాలిపడే అన్నాడు.

ఆ రోజు నేను బడికి కుక్కతో సహా వెళ్ళాను. హెడ్మాస్టరు బుల్లయ్య గారు పెద్దగా అరిచే మనిషి కాదు. అరిస్తేనే బాగుండేది. సాయంత్రం పిల్లలు వెళ్ళాక పిలిచి నిదానంగా చెప్పారు.

"నువ్వు పాఠం బాగా చెప్తావమ్మా. కానీ గంట కొట్టినాక ఒకటో తరగతి గదిలో పెద్దవాళ్ళు లేకపోతే ఏం జరుగుద్దో నీకు చెప్పక్కర్లేదు. రేపట్నించి కోత సెలవులు. సెలవుల తర్వాత ఒక్కరోజు ఆలస్యమైనా, ఈ ఊళ్ళో ఉండే మనిషినే వెయ్యమని పైకి రాస్తాను. మనసు కష్టపెట్టుకోమాక."

మనసు కష్టపెట్టుకోకుండా ఎలా ఉంటాను? ఇంటికొచ్చి అత్తయ్యతో అంతా చెప్పాను. కుక్కను గుంటూరు పంపేయాలి, లేకపోతే ఉద్యోగం పోతుంది, రెంటిలో ఏదో ఒకటి తేల్చమన్నాను.

"కుక్కనెందుకు పంపడం? ఉద్యోగం ఎందుకు పోగొట్టుకోడం? కాస్త నిదానంగా బయల్దేరితే ఏం పోద్ది?" అంది ఆవిడ.

నిదానంగా బయల్దేరితే ఏం పోతుందో అంతసేపూ నేను చెప్పింది ఎవరికో నాకు తెలియలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాలు అవి. మా పాస్టరు యేసుపాదం అయ్యగారు ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేస్తుండేవారు. సెలవుల్లో మా ఇంటికీ వచ్చారు. వీలు చూసుకుని నేను ఫిర్యాదు చేశాను. అత్తయ్య కుక్క ఏడుపు శకునం పట్టుకుని నా కొంప ముంచుతోందన్నాను. ఆవిడ నా వంక కొరకొరా చూసింది.

అయ్యగారు చక్కగా చెప్పారు. "ఎలీసమ్మా, రేపు ఏం జరుగుతుందో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. అమాయకపు జంతువుకు ఏం తెలుస్తుంది? కుక్కకు తెలిసింది కుక్క సంగతే. దాని ఏడుపు విని వెనక్కి తిరగడం విశ్వాసులు చేసే పనేనా?"

"కాదయ్యా," అంది అత్తయ్య తల వంచుకుని.

నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రార్థన అయింది. అయ్యగారు ఆమెన్ అని లేచి, గోడకు ఆనించిన తన గొడుగు చేతిలోకి తీసుకున్నారు. ఆయనదీ నల్ల గొడుగే. అంతసేపూ నా కాళ్ళ దగ్గర గుర్రుపెట్టి నిద్రపోతున్న పత్తిగాడు దిగ్గున లేచాడు. చెవులు వెనక్కి పడ్డాయి. అయ్యగారు ఒక కాలికి చెప్పు తొడిగి రెండోది తొడగబోతుండగా మెడ ఎత్తి, ఎప్పటికన్నా పొడుగ్గా ఏడ్చాడు.

అయ్యగారు ఒంటికాలి మీద అలాగే ఆగిపోయారు. అత్తయ్య కుండ దగ్గరికి వెళ్ళి గ్లాసు ముంచుకొచ్చి నిలబడింది, అంతే.

"ఎండ మరీ ఎక్కువగా ఉంది," అన్నారు అయ్యగారు బయటికి చూస్తూ. "దాహంగానే ఉందమ్మా."

చెప్పు విప్పి, లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని తాగారు. ఇంకో గ్లాసు కూడా అడిగారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తాను. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు వచ్చాయి. పొయ్యి దగ్గర కూలబడి కళ్ళు తుడుచుకుంటుంటే ఆ నవ్వు మధ్యలో నాకు ఒక సంగతి తట్టింది.

నేనెక్కడికీ వెళ్ళడం లేదు కదా. మరి వాడెందుకు ఏడ్చాడు?

గొడుగు. వాడికి రేపటి సంగతీ తెలియదు, ఎల్లుండి సంగతీ తెలియదు. నల్ల గొడుగు గోడ దిగితే అమ్మ పోతుందని తెలుసు. అమ్మ పోతే మళ్ళీ వస్తుందో రాదో తెలియక గుండెలు బాదుకుంటాడు. తను ఏడిస్తే అమ్మ వెనక్కి వచ్చి పీట మీద కూర్చుంటుందని మాత్రం వాడికి బాగా తెలుసు, ఎందుకంటే మేమిద్దరం రోజూ నీళ్ళు తాగి మరీ నేర్పాం. వాడు అపశకునం చెప్పడం లేదు. భయపడుతున్నాడు. భయపడిన బిడ్డను పట్టుకుని నేను పగ్గంతో కట్టేశాను. నాకు నవ్వు పోయి జాలేసింది.

భయపడే పిల్లల సంగతి నాకు తెలియనిది కాదు. నా తరగతిలో ఖుర్షిదా అని ఒక పిల్ల ఉంది. చేరిన కొత్తలో వాళ్ళమ్మ షాజాదీ గుమ్మం దాటితే చాలు, బడి పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చేది. ఆ తల్లి ఏడుపు విని సందు చివరినుంచి పరుగెత్తుకొచ్చి ఎత్తుకునేది. నేనే ఆవిడకు చెప్పాను. "మొదట వరండాలో కూర్చో, తర్వాత వేపచెట్టు దాకా వెళ్ళు, తర్వాత ఇంటికి పో. ఏడవకముందే తిరిగి కనపడు, ఏడ్చాక మాత్రం రావద్దు. వస్తానన్న వేళకు రా." ఇప్పుడు ఖుర్షిదా గంట కొట్టకముందే వచ్చి గుమ్మంలో నన్ను తోసుకుని లోపలికి పోతుంది. ఒకరి బిడ్డకు అంత చక్కగా చెప్పిన పంతులమ్మని నా ఇంట్లో బిడ్డ దగ్గరికొచ్చేసరికి గ్లాసులు గ్లాసులు తాగుతూ కూర్చున్నాను.

మర్నాడే మొదలెట్టాను. లేవగానే గొడుగు తీసి చంకలో పెట్టుకున్నాను. పెట్టుకునే పొయ్యి రాజేశాను, బియ్యం కడిగాను, అన్నం తిన్నాను. పత్తిగాడు మొదట వణుకుతూ నా వెంటే తిరిగాడు. ఎంతసేపటికీ నేను గుమ్మం వైపు పోకపోయేసరికి విసుగొచ్చి పడుకున్నాడు. మర్నాడు గొడుగు వేసుకుని పెరట్లో అంట్లు తోమాను. ఆ పైన క్యారియరు సర్దుకుని, చెప్పులు తొడుక్కుని, బడికి బయల్దేరినట్టే ముస్తాబై, మంచం మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీశాను. దడి మీదనుంచి చూసిన పక్కింటి రసూల్‌బీ మా అత్తయ్యను దూరంగా పిలిచి, "పిల్లకు ఎండదెబ్బ తగిలినట్టుంది వదినా, మజ్జిగ పట్టించు," అని చెప్పింది. సాయంత్రానికి ఊళ్ళో సగం మంది మా ఇంటికి మజ్జిగ పట్టుకొచ్చారు.

గొడుగంటే భయం తగ్గాక గడప దాటాను. దాటి, వాడు మెడ ఎత్తేలోపే లోపలికొచ్చాను. తర్వాత దడి దాకా, తర్వాత రసూల్‌బీ ఇంటి దాకా, తర్వాత రోడ్డు దాకా. కొన్నిసార్లు తొందరపడి ఎక్కువ దూరం పోయేదాన్ని, ఏడుపు వినపడేది. అప్పుడు వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు లోపలికొచ్చి, మర్నాడు మళ్ళీ దగ్గరినుంచి మొదలెట్టేదాన్ని. వెళ్ళేముందు కొబ్బరిచిప్ప లోపల జొన్నసంగటి గట్టిగా మెత్తి, వాడి ముందు పెట్టేదాన్ని. చిప్ప అడుగుదాకా నాకడం అంత తేలికైన పనేం కాదు. నాలుక సగం చిప్పలో, సగం నేల మీద. ఆ పనిలో పడితే అమ్మ వెళ్ళిన సంగతి కొంతసేపు మర్చిపోయేవాడు.

వాడికి నేర్పడం ఒక ఎత్తు, అత్తయ్యకు నేర్పడం ఒక ఎత్తు.

"నేను పోయేటప్పుడు మీరు గుమ్మంలోకి రావద్దు అత్తయ్యా. వాడు నా గొడుగునే కాదు, మీ మొహాన్ని కూడా చూస్తున్నాడు. మీరు అట్లా దిగులుగా పెడితే వాడికి ఏదో కొంప మునిగిందనిపిస్తుంది. వచ్చాక కూడా వెంటనే పలకరించొద్దు. వాడు శాంతించాక నేనే పలకరిస్తాను."

"ఇదేం విడ్డూరం? ఇంటికొచ్చిన మనిషిని పలకరించకూడదా?"

"కొన్నాళ్ళు."

"పోయే మనిషిని చూడకూడదు, వచ్చే మనిషిని పలకరించకూడదు. ఇంక నేనెందుకు ఈ ఇంట్లో?"

నేను ఆ మాటను పట్టించుకోలేదు. శకునం సంగతి ఎత్తుతుందేమోనని నా జవాబు నేను ముందే సిద్ధం చేసుకున్నాను. తుమ్ముకు మాఫీ ఇచ్చిన ఊరు కుక్క ఏడుపుకు ఇస్తే తప్పేమిటని అడిగాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. వాదనలో నెగ్గానని నేను పొంగిపోయాను.

సెలవులు అయిపోయాయి. బడి తెరిచే రోజు. పొద్దున్నే క్యారియరు మూత ఎంత నొక్కినా సరిగ్గా పడలేదు. చిప్పలో సంగటి మెత్తి పత్తిగాడి ముందు పెట్టాను. గొడుగు తీశాను. వాడు ఒకసారి తల ఎత్తి చూసి, తోక రెండుసార్లు నేలకేసి కొట్టి, మళ్ళీ చిప్పలో మూతి పెట్టాడు. చడీచప్పుడు లేకుండా గడప దాటాను. దడి తలుపు తీశాను. రాగం లేదు. రోడ్డు మీద బస్సు దుమ్ము కనిపిస్తోంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"అమ్మాయ్, ఆగు."

వెనక్కి తిరిగాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమైంది అత్తయ్యా? వాడు ఏడవలేదుగా?"

"అదే చెప్తన్నా. రోజూ ఏడిచేది ఇయ్యాల ఏడవలేదంటే ఏదో ఉంది. అది మరీ చెడ్డది. వచ్చి కూకో. ఒక్క గుక్క తాగి పో."

నా ఒళ్ళు భగ్గుమంది. ఇన్నాళ్ళ కష్టం, నా ఉద్యోగం, అటు గౌస్ బాషా హారను మీద హారను. ఏదో అనబోయాను. అప్పుడు ఆవిడ చేతిలో గ్లాసు చూశాను. అంచుదాకా నిండుగా ఉంది. కుండ లోపల వంటింటి మూల. నేను గడప దాటి దడి చేరేలోపు ఆవిడ లోపలికి పోయి ముంచుకొచ్చేంత వ్యవధి లేదు. అంటే నేను గొడుగు ముట్టుకోకముందే ముంచి పెట్టుకుంది. ఈరోజే కాదు, ఏ రోజైనా అంతే అయి ఉండాలి. నీళ్ళు అంచు మీదనుంచి ఒలికి ఆవిడ వేళ్ళ మీదుగా కారుతున్నాయి. పత్తిగాడు చెవులు వెనక్కేసి వణికినప్పుడు నాకు ఎలా అనిపించేదో, ఇప్పుడూ అలాగే అనిపించింది.

నా కోపం ఎటుపోయిందో తెలియదు. వెనక్కి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చోవాలనిపించింది, నిజం. కూర్చుంటే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. ఖుర్షిదా వాళ్ళమ్మకు చెప్పిందే నాకు నేను చెప్పుకున్నాను.

"వచ్చాక తాగుతాను అత్తయ్యా. అట్లాగే మూత పెట్టి ఉంచండి. సాయంత్రం బస్సుకు వచ్చేస్తాను."

చెప్పి, వెనక్కి చూడకుండా నడిచాను. బస్సెక్కాను. "ఇయ్యాల దాహం లేదాండీ?" అన్నాడు గౌస్ బాషా. నేను టిక్కెట్టు డబ్బులు అతని చేతిలో పెట్టాను.

బుల్లయ్య గారు బడి గుమ్మంలో గడియారం వంకా నా వంకా చూసి, తల ఊపి, తనే గంట కొట్టారు. ఆ గంట నాకెంత తియ్యగా వినిపించిందో చెప్పలేను. అయినా రోజంతా నా మనసు ఆ గ్లాసు దగ్గరే ఉంది.

సాయంత్రం బస్సు దిగి వస్తే పత్తిగాడు తోక ఊపుకుంటూ దడి దగ్గరే ఉన్నాడు. అత్తయ్య అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన గ్లాసు, దాని మీద మూత. నేను పక్కన కూర్చుని, మూత తీసి ఆ నీళ్ళన్నీ తాగాను. పొద్దుటినుంచి ఎండలో ఉండి వెచ్చబడ్డాయి.

"మీకు పొద్దున భయమేసింది కదూ?" అన్నాను.

ఆవిడ కొంగు చివర నలుపుకుంది. "భయం కాదే. నువ్వు పోయినాక ఇల్లు నన్ను తినేస్తది. వీడు కుక్క గనక నోరెత్తి ఏడిచాడు. నేను ఏడిస్తే నలుగురూ నవ్వరా?" అంది.

ఇన్నాళ్ళూ ఒక ఇంట్లో ఇద్దరు భయపడుతుంటే నాకు ఒకళ్ళే కనపడ్డారు.

అత్తయ్య చిన్నప్పటినుంచి కూలికి పోయిన మనిషి. పత్తి తీతలో, మిరప కోతలో ఆవిడ చెయ్యి పడితే సాలు పరుగెత్తేదట. నలుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చుంటే నవ్వించి చంపేదట. మా ఆయనకు మేస్త్రీ పని రాగానే "అమ్మా, ఇంక నువ్వు కూలికి పోవద్దు, నాకు నామర్దా" అని ఆపేశాడు. ఆవిడ మంచి చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. మా ఆయన గౌరవం నిలబడింది గానీ ఆవిడకు మాట్లాడే దిక్కు లేకుండా పోయింది.

"రేపట్నించి వెంకయ్య గారి కల్లానికి పోండి. తొడిమలు తీసేవాళ్ళు చాలడం లేదట," అన్నాను.

"వాడు ఒప్పుకోడే. మేస్త్రీ గారి అమ్మ కూలికి పోయిందంటారు."

"ఆయన నెలకోసారి వస్తాడు. వచ్చినప్పుడు నేను చెప్పుకుంటాను."

ఆవిడకూ కొబ్బరిచిప్ప పద్ధతే. మొదటిరోజు గంటసేపని వెళ్ళి అరగంటకే వచ్చేసింది, ఇంట్లో కుక్క ఏమవుతుందోనని. కుక్క నిద్రపోతోంది. రెండో రోజు రసూల్‌బీతో కలిసి వెళ్ళి, పొద్దు వాలాక తుమ్ముకుంటూ, నవ్వుకుంటూ వచ్చింది. ఎవరి కోడలు ఎవరిని ఏమందో అన్నం తినేంతసేపూ చెప్పింది. ఇప్పుడు పొద్దున నేను గొడుగు తీసేసరికి ఆవిడ తలకు గుడ్డ చుట్టుకుని నాకన్నా ముందే దడి దగ్గర ఉంటోంది. నాకు గ్లాసు అందించేవాళ్ళే లేరు. మా ఆయన వచ్చి నామర్దా అంటే, "మీ అమ్మ నవ్వుతోంది చూడండి, ఎన్నాళ్ళయింది చూసి?" అన్నాను. చూశాడు. ఇంక ఆ మాట ఎత్తలేదు.

నిన్న బడికి సెలవు. ఎండ చురచురలాడుతోంది. అత్తయ్య చిప్పలో సంగటి మెత్తి పత్తిగాడి ముందు పెట్టి, చెప్పాపెట్టకుండా గోడ మీది నా నల్ల గొడుగు తీసుకుంది. రసూల్‌బీ రోడ్డు మీదనుంచి పిలుస్తోంది. ఇద్దరూ ఏదో తలచుకుని అప్పుడే పకపకా నవ్వుతున్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే. వంట అయిపోయింది, అంట్లు అయిపోయాయి, సాయంత్రం దాకా గోడలు తప్ప ఏమీ లేవు. నాకేమైందో, నా కాళ్ళు వాటంతటవే కుండ దగ్గరికి పోయాయి.

"అత్తయ్యా, ఒక్క గుక్క మంచినీళ్ళు తాగి వెళ్ళండి," అన్నాను గుమ్మంలోంచి.

ఆవిడ వెనక్కి తిరగలేదు. గొడుగు విప్పి భుజాన వేసుకుంటూ, "వచ్చాక తాగుతాలే. మూత పెట్టి ఉంచు," అంది.

పత్తిగాడు ఒకసారి తలెత్తి నన్ను చూసి మళ్ళీ చిప్పలో మూతి పెట్టాడు. నేను గ్లాసు మీద మూత పెట్టి, వాడి పక్కన అరుగు మీద కూర్చున్నాను.